సూదికీ మూలికకూ ఒకటే పరీక్ష

కేంద్ర ఆరోగ్య శాఖ 2019 ఫిబ్రవరిలో ఆక్యుపంక్చర్‌ను స్వతంత్ర చికిత్సా పద్ధతిగా గుర్తించింది. అదే ఏడాది మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల వర్గీకరణలో ప్రాచీన చైనా మూలాలున్న సంప్రదాయ వైద్యానికి తొలిసారి ఒక అధ్యాయం కేటాయించింది. ఈ రెండు నిర్ణయాలతో సూది వైద్యానికి పరపతి పెరిగింది. రోగికి కావలసింది మాత్రం పరపతి కాదు. తన జబ్బుకు ఆ చికిత్స పనికొస్తుందో లేదో తేల్చి చెప్పే మాట. ఆ మాట గుర్తింపు ఒక్కదానితో రాదు. నడుం నొప్పికి సూదులు వేసే చోటే మధుమేహానికి, సంతానలేమికి, మూత్రపిండాల జబ్బుకు కూడా అవే సూదులు వేస్తామనే బోర్డులు వెలుస్తున్నాయి. చైనా వైద్యాన్ని గంపగుత్తగా నెత్తికెత్తుకోవడమూ తప్పే, గంపగుత్తగా కొట్టిపారేయడమూ తప్పే. ఏ జబ్బుకు ఏ చికిత్స అన్నది ఒక్కొక్కటిగా పరీక్షకు నిలబడాలి. నెగ్గినదాన్ని ఆస్పత్రిలోకి తీసుకోవాలి. ఓడినదాన్ని బోర్డు మీద నుంచి దించాలి.

ప్రభుత్వాల గుర్తింపు వైద్యం పనితీరుకు రుజువు కాదనడానికి చైనా చరిత్రే సాక్ష్యం. 1822లో దావోగువాంగ్ చక్రవర్తి రాజవైద్య సంస్థలో సూది వైద్య విభాగాన్ని మూయించాడు. 1929లో నాన్‌జింగ్ ప్రభుత్వ ఆరోగ్య మండలి సంప్రదాయ వైద్యాన్ని క్రమంగా తొలగించాలని తీర్మానించింది. వైద్యులు పెద్దఎత్తున నిరసనకు దిగడంతో ఆ తీర్మానం అమలు కాలేదు. 1949 తర్వాత వచ్చిన కమ్యూనిస్టు ప్రభుత్వానికి కోట్ల మంది ప్రజలున్నారు, వారికి చాలినంత మంది ఆధునిక వైద్యులు లేరు. అందుకే సంప్రదాయ వైద్యులను కూడగట్టింది. 1958 నాటికి మావో ఆ వైద్యాన్ని గొప్ప నిధి అని కీర్తించాడు. 1971లో న్యూయార్క్ టైమ్స్ పాత్రికేయుడు జేమ్స్ రెస్టన్ బీజింగ్‌లో అపెండిక్స్ ఆపరేషన్ చేయించుకుని, తర్వాత వచ్చిన కడుపు ఉబ్బరానికి తనకు సూదులు వేశారని రాశాడు. మరుసటి ఏడాది అమెరికా అధ్యక్షుడు నిక్సన్ చైనా వెళ్లాడు, అమెరికాలో సూదులకు గిరాకీ పెరిగింది. రెస్టన్‌కు సూదులతోనే మత్తు ఇచ్చి కోశారన్న ప్రచారం ఇప్పటికీ వినిపిస్తుంది. నిజానికి ఆయనకు ఇచ్చింది మామూలు మత్తు ఇంజెక్షన్. చక్రవర్తి వద్దన్నప్పుడు సూది గుణం తగ్గలేదు, ఛైర్మన్ మావో మెచ్చుకున్నప్పుడు పెరగలేదు. దాని గుణమేమిటో రోగి శరీరం మీద జరిగిన పరీక్షే చెప్పాలి.

ఆ పరీక్షలో చైనా మూలికలు కొన్ని ఘనంగా నెగ్గాయి. వియత్నాం యుద్ధ కాలంలో, క్లోరోక్విన్‌కు లొంగని మలేరియా సైనికులను కబళిస్తుంటే, చైనా 1967 మే 23న ఒక రహస్య పరిశోధన మొదలుపెట్టింది. ఆ తేదీయే దాని పేరు: ప్రాజెక్టు 523. శాస్త్రవేత్త తూ యూయూ పాత వైద్య గ్రంథాలను జల్లెడ పట్టి, నాలుగో శతాబ్దానికి చెందిన గె హోంగ్ పుస్తకంలో చింగ్‌హావ్ మొక్కను నీళ్లలో నానబెట్టి పిండి ఆ రసం తాగమన్న సూచన గమనించారు. మూలికను మరిగిస్తే అందులోని మందు చెడిపోతోందేమోనని ఆమెకు తట్టింది. తక్కువ వేడికే మరిగే ఈథర్‌తో సారం తీశారు. 1971లో 191వ నమూనా ఎలుకల్లోనూ కోతుల్లోనూ మలేరియా పరాన్నజీవిని పూర్తిగా తుడిచిపెట్టింది. తర్వాత ఆమె బృందం ఆ సారాన్ని ముందుగా తమ మీదే ప్రయోగించుకుంది. అందులోని మందే ఆర్టెమిసినిన్. దానికి 2015లో నోబెల్ బహుమతి వచ్చింది. పాడేరు మన్యంలో ఫాల్సిపారం మలేరియాకు ఇచ్చే మాత్రల్లో ఉన్నది ఆ మందు సంతతే. గ్రంథం దారి చూపింది, నిజమే. అయితే గ్రంథంలో ఉంది కాబట్టి తూ యూయూ దాన్ని నమ్మలేదు. పరీక్షించి, సారం తీసే పద్ధతిని మార్చి, మళ్లీ పరీక్షించారు. చైనాలోని హార్బిన్ నగర వైద్యులు సంప్రదాయ మందుల్లోని పాషాణాన్ని (ఆర్సెనిక్‌ను) ఒక రకం రక్త క్యాన్సర్‌పై ప్రయోగించి చూపిన దారి కూడా ఇలాంటిదే. 2000లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆర్సెనిక్ ట్రైఆక్సైడ్‌ను ఆ క్యాన్సర్‌కు ఆమోదించింది.

అదే మందుల పెట్టెలోంచి విషమూ బయటపడింది. 1990ల తొలినాళ్లలో బ్రస్సెల్స్‌లో బరువు తగ్గడానికి చైనా మూలికల మాత్రలు వాడిన మహిళల మూత్రపిండాలు ఒకరి తర్వాత ఒకరికి పాడైపోయాయి. బాధితుల సంఖ్య వంద దాటింది. వాడాల్సిన ఫాంగ్‌జీ మూలిక స్థానంలో, దాదాపు అదే పేరున్న అరిస్టొలోకియా జాతి మొక్క వచ్చి చేరిందని తేలింది. బాధితుల్లో 39 మంది ముందుజాగ్రత్తగా పనిచేయని మూత్రపిండాలను, మూత్రనాళాలను తీయించుకోగా 18 మందిలో క్యాన్సర్ కనిపించింది. ఆ మొక్కల్లోని అరిస్టొలోకిక్ ఆమ్లం మనుషులకు క్యాన్సర్ కలిగించేదని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ నిర్ధారించి తన మొదటి వర్గంలో చేర్చింది. చైనా, తైవాన్‌లు 2003లో ఈ జాతి మూలికల్లో కొన్నింటిపై వేటు వేశాయి. అప్పటికే జరగాల్సిన హాని జరిగింది. తైవాన్‌లో 98 మంది కాలేయ క్యాన్సర్ రోగుల కణితులను పరిశీలించి 2017లో ప్రకటించిన ఫలితాల్లో, 78 శాతం కణితుల్లో ఆ ఆమ్లం వదిలిన జన్యు ముద్ర ఉంది. పాముకాటు విరుగుడని మన పల్లెల్లో పేరున్న ఈశ్వరి కూడా ఈ జాతి మొక్కే. చైనా వైద్యం గురించి మనం అడిగే ప్రశ్న మన మూలికలకూ వర్తిస్తుంది.

వేల ఏళ్లుగా కోట్ల మంది వాడుతున్నారు, అంతకు మించిన పరీక్ష ఏముంది అని సంప్రదాయ వాదులు ఎప్పుడూ అడుగుతారు. దానికి జవాబు పై కథలోనే ఉంది. అరిస్టొలోకియా మూలికలను శతాబ్దాల పాటు వాడారు. అవి క్యాన్సర్ తెస్తాయని వాడిన తరాలేవీ పసిగట్టలేదు. ఇవాళ తిన్న మూలికకు పదేళ్ల తర్వాత వచ్చిన జబ్బును ముడిపెట్టడం ఏ వైద్యుడి అనుభవానికీ సాధ్యం కాదు. వందల మంది రోగుల లెక్కలు పక్కపక్కన పెట్టి చూస్తేనే అది బయటపడుతుంది. మేలు విషయంలోనూ అంతే. నడుం నొప్పి, తలనొప్పి, అలర్జీ వంటివి వస్తూ పోతూ ఉంటాయి. బాధ ముదిరినప్పుడే రోగి వైద్యుడి దగ్గరికి వెళ్తాడు, ఆ తర్వాత అది దానంతటదే కొంత తగ్గుతుంది. ఆ తగ్గుదల సూదిదా, కాలానిదా అన్నది అనుభవం విడదీసి చెప్పలేదు. రక్తం తీసి జబ్బు తగ్గించే పద్ధతిని ఐరోపా రెండు వేల ఏళ్లు నమ్మింది. నమ్మకం వయసు రుజువు కాదు.

ఇక సూది సంగతి. శరీరంలో చీ అనే ప్రాణశక్తి కొన్ని మార్గాల్లో ప్రవహిస్తుందని, నిర్ణీత బిందువుల్లో సూది గుచ్చితే ఆ ప్రవాహం సరిపడుతుందని సిద్ధాంతం. దీన్ని తేల్చడానికి జర్మనీ పెద్ద ప్రయత్నమే చేసింది. 2007లో వెలువడిన అధ్యయనంలో దీర్ఘకాలిక నడుం నొప్పి ఉన్న 1,162 మందిని మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు సంప్రదాయ బిందువుల్లో సూదులు వేశారు. రెండో జట్టుకు బిందువులు కాని చోట పైపైన ఉత్తుత్తి సూదులు వేశారు. మూడో జట్టుకు మందులు, వ్యాయామంతో మామూలు చికిత్స చేశారు. ఆరు నెలల తర్వాత చెప్పుకోదగ్గ మేలు కనిపించినవారు వరుసగా 47.6, 44.2, 27.4 శాతం. 2009లో అమెరికాలో 638 మందిపై జరిగిన పరీక్ష మరో అడుగు ముందుకు వేసింది. అక్కడ ఒక జట్టు రోగులకు అసలు సూదే గుచ్చలేదు. టూత్‌పిక్ మొనతో చర్మాన్ని ఒత్తి తిప్పారు. వారికీ నిజమైన సూదులు వేసినవారితో సమానంగానే ఉపశమనం కలిగింది. దాదాపు 21 వేల మంది రోగుల వివరాలను కలిపి 2018లో చేసిన విశ్లేషణలో అసలు సూదికి ఉత్తుత్తి సూది కంటే కొంత మొగ్గు కనిపించింది, కానీ ఆ తేడా చిన్నది. ఏ సూదులూ వేయించుకోనివారితో పోల్చినప్పుడే మేలు పెద్దగా కనిపించింది.

ఈ అంకెలను నిజాయితీగా చదివితే రెండు సంగతులు ఒప్పుకోవాలి. దీర్ఘకాలిక నొప్పితో బాధపడేవారికి ఈ చికిత్స ఉపశమనం ఇస్తోంది. మామూలు చికిత్స ఇచ్చిన దానికంటే ఎక్కువే ఇస్తోంది. ఇది మొదటిది. ఆ ఉపశమనంలో సింహభాగం ఫలానా బిందువుల వల్ల వచ్చినది కాదు. స్పర్శ, విశ్రాంతి, వైద్యుడి శ్రద్ధ, తగ్గుతుందన్న ఆశ కలిసి తెచ్చినది. ఇది రెండోది. అందుకే తెలివైన ఆరోగ్య వ్యవస్థలు పద్ధతిని మొత్తంగా గుర్తించడం మాని, జబ్బును బట్టి నిర్ణయిస్తున్నాయి. జర్మనీ 2006లో నడుం నొప్పికి, మోకీళ్ల అరుగుదలకు బీమా ఇచ్చింది, తలనొప్పికి ఇవ్వలేదు. బ్రిటన్‌లో చికిత్సా మార్గదర్శకాలిచ్చే నైస్ సంస్థ నడుం నొప్పికి 2009లో సిఫార్సు చేసి 2016లో వెనక్కి తీసుకుంది. మైగ్రేన్ నివారణకు అనుమతించింది. మోకీళ్ల అరుగుదలకు వద్దని 2022లో చెప్పింది. అమెరికా మెడికేర్ 2020 నుంచి దీర్ఘకాలిక నడుం నొప్పికి మాత్రమే, 90 రోజుల్లో 12 సార్ల వరకు చెల్లిస్తోంది. మెరుగు లేకపోతే ఆపేయమంటోంది. ఈ దేశాల తీర్పులు ఒకదానితో ఒకటి కలవకపోవచ్చు, కానీ ఇవన్నీ పరీక్షను బట్టి వచ్చినవే, పరీక్షను బట్టే మారుతున్నవి. నొప్పిని దాటి వెళ్తే సూది బలం సడలుతుంది. చైనాలోనే పీసీఓఎస్ అనే అండాశయ సమస్య ఉన్న వెయ్యి మంది మహిళలపై జరిగి 2017లో వెలువడిన పరీక్షలో సూదులు కాన్పుల సంఖ్యను పెంచలేకపోయాయి. ఐవీఎఫ్ చేయించుకుంటున్న 848 మందిపై ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో జరిగిన పరీక్షదీ అదే ఫలితం. పిల్లల కోసం అప్పులు చేసి తిరిగే దంపతులకు ఈ సంగతి చెప్పకుండా సూదుల కోర్సు అమ్మడం మోసం.

మా వైద్యం మనిషిని బట్టి మారుతుంది, అందరికీ ఒకే మందు ఇచ్చే పరీక్షలు దీనికి పనికిరావు అనే అభ్యంతరం ఉంది. టూత్‌పిక్ పరీక్ష దీనికీ జవాబిచ్చింది. అందులో ఒక జట్టుకు వైద్యుడే రోగిని చూసి బిందువులు ఎంచుకున్నాడు, మరో జట్టుకు అందరికీ ఒకే బిందువులు వాడారు. ఫలితంలో తేడా లేదు. పరీక్షలు పాశ్చాత్యుల పక్షపాతమన్న ఆరోపణా నిలవదు. గుండెపోటు వచ్చిన సుమారు 3,800 మందిపై చైనా వైద్యులు తోంగ్‌షిన్‌లువో అనే సంప్రదాయ మందును పరీక్షించారు. నెల రోజుల్లో తీవ్ర గుండె, మెదడు సమస్యలు ఉత్తుత్తి మందు వాడినవారిలో 5.2 శాతం ఉంటే, ఈ మందు వాడినవారిలో 3.4 శాతమే. అమెరికా వైద్య సంఘం పత్రిక దాన్ని 2023లో ప్రచురించింది. మరో చోట ఇదే ఫలితం వస్తే గుండె వైద్యులు దాన్ని ఆదరించాల్సిందే. మరోవైపు 1998లో జరిగిన ఒక పరిశీలనలో చైనా, జపాన్, హాంకాంగ్, తైవాన్‌ల నుంచి వచ్చిన ఆక్యుపంక్చర్ పరీక్షలన్నీ అనుకూల ఫలితాలే చూపాయి. ఓటమే ఎరుగని పరీక్షను అనుమానించాలి.

ఆధునిక వైద్యం మాత్రం కడిగిన ముత్యమా అని అడిగేవారి కోపంలో న్యాయముంది. కార్పొరేట్ ఆస్పత్రి బిల్లు చూసి బెదిరిన కుటుంబం మందుల్లేని వైద్యం వైపు చూడటాన్ని తప్పుపట్టలేం. థాలిడొమైడ్ పసిపిల్లలను అవిటివాళ్లను చేసింది. కీళ్ల నొప్పుల మందు వయోక్స్ గుండెపోటు తెస్తుందని తేలి 2004లో మార్కెట్ వదిలింది. అయితే ఆ తప్పులను పట్టి ఇచ్చింది కూడా ఈ లెక్కలూ ఈ పరీక్షలే. మందుల కంపెనీ మోసం చేసిందన్న కారణంతో మూలికల వ్యాపారికి పరీక్ష మినహాయిస్తే నష్టపోయేది మళ్లీ ఆ పేద కుటుంబమే. సూది వల్ల హాని లేదు కదా, తృప్తి ఉంటే చాలదా అంటారు. శిక్షణ పొందినవారు కొత్త సూదులు వాడితే ముప్పు నిజంగానే తక్కువ. బ్రిటన్‌లో 34 వేలకు పైగా చికిత్సలను గమనించిన సర్వేలో తీవ్రమైన హాని ఒక్కటీ లేదు. కానీ రాని చేయి ఊపిరితిత్తిని చీల్చగలదు, వాడిన సూది కాలేయానికి హెపటైటిస్ అంటించగలదు. అంతకంటే పెద్ద హాని జాప్యం. రొమ్ములో గడ్డకు నెలల తరబడి సూదులు వేయించుకున్న మహిళకు, ఇన్సులిన్ మానేసిన బాలుడికి తృప్తి చాలదు.

కాబట్టి ప్రభుత్వాలు చేయాల్సిన పనులు స్పష్టంగానే ఉన్నాయి. చైనా ప్రజలకు సేవ చేయడానికి 1938లో భారత్ నుంచి డాక్టర్ కోట్నీస్‌తోపాటు వెళ్లిన వైద్యుల్లో ఒకరైన బిజయ్ కుమార్ బసు తర్వాత సూది వైద్యాన్ని కలకత్తాకు తెచ్చారు. కలకత్తా ఉన్న పశ్చిమ బెంగాల్ 1996లోనే సూది వైద్యానికి చట్టం చేసింది. తెలుగు రాష్ట్రాలు కూడా సూది పట్టే ప్రతి ఒక్కరి శిక్షణనూ పేరునూ నమోదు చేయాలి, ఒకసారి వాడిన సూదిని పారేయడం తప్పనిసరి చేయాలి. ఏ జబ్బులకు సూదులు వేయవచ్చో జాబితా ప్రకటించి, కొత్త ఆధారాలను బట్టి దాన్ని సవరిస్తూ ఉండాలి. క్యాన్సర్, మధుమేహం నయం చేస్తామనే బోర్డులపై 1954 నాటి అద్భుత చికిత్సల ప్రకటనల చట్టాన్ని ప్రయోగించాలి. మూలికల పొట్లం మీద మొక్క శాస్త్రీయ నామం ముద్రించని అమ్మకాన్ని ఆపాలి. ప్రభుత్వ వైద్య కళాశాలల్లో నొప్పి విభాగాలు పెట్టి, సూదులను అక్కడ, రోగికి నిజం చెప్పి, లెక్కలు రాసుకుంటూ వాడాలి. ఇది చైనాకో, ఆయుర్వేదానికో, అల్లోపతికో పక్షం వహించడం కాదు. జబ్బుపడి, డబ్బు కట్టి, నమ్మి వచ్చిన మనిషికి తన చికిత్స గురించి నిజం తెలుసుకునే హక్కు ఉంది. ఆ హక్కును కాపాడలేని గుర్తింపు ఎవరికిచ్చినా వృథా.