లక్షల యాంప్ గొంతు.. ఫోటో కంటే చిన్న ఫైల్‌లో!

"అన్నా, గిటార్ కొన్న, ఇంట్లనే రికార్డ్ చేస్తున్న. గని పాటలల్ల వచ్చే ఆ సౌండ్ మాత్రం వస్తలేదేందే?" మంచిర్యాలలో ఎలక్ట్రిక్ గిటార్ పట్టిన పోరగాళ్లు ఎవరు కలిసినా మాట చివరికి ఇక్కడికే వస్తుంది. గిటార్‌ను నేరుగా ల్యాప్‌టాప్‌కు కలిపితే వచ్చే చప్పుడు నీళ్లెక్కువైన మజ్జిగలా పలచగా ఉంటుంది. అది గిటార్ తప్పు కాదు. మనకు నచ్చే ఆ గొంతులో గిటార్ ఒక వాటాదారు మాత్రమే. మిగతాదంతా యాంప్‌ది, దానికి తగిలించిన స్పీకర్ డబ్బాది.

చిక్కల్లా ఆ యాంప్‌తోనే. మార్షల్, ఫెండర్, వోక్స్ లాంటి వాల్వ్ యాంప్‌లకు అసలు రుచి వాల్యూమ్ బాగా పెంచితేనే వస్తుంది. వాల్వ్‌లకు తాకత్‌కు మించిన సిగ్నల్ పోస్తే అది చితికి, గరగరగా బయటికొస్తుంది. దాన్నే మనం డిస్టార్షన్ అని ముద్దుగా పిలుచుకుంటాం. సింగరేణి క్వార్టర్‌లో ఆ పని చేస్తే ఎట్లుంటది? గోడ అవతల నైట్ షిఫ్ట్ దిగొచ్చి పడుకున్న కాకా ఉంటాడు. రాత్రంతా బాయిలో పనిచేసొచ్చిన మనిషి నిద్ర కంటే మన సోలో గొప్పదేం కాదు. లేదంటే భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి సికింద్రాబాద్‌లో దిగి, గంటల లెక్కన స్టూడియోకు పైసలు కట్టాలి. ఈ రెండూ కాని మూడో దారి పేరే యాంప్ ప్రొఫైలింగ్. దీన్ని క్యాప్చర్ అని కూడా అంటున్నారు.

తొక్కు జాడీ లెక్క

యాంప్ సౌండ్‌ను డిజిటల్‌గా తేవడం కొత్తేం కాదు. 1998లోనే లైన్ 6 కంపెనీ పాడ్ అనే ఎర్ర డబ్బా తెచ్చింది. అప్పటి పద్ధతి మోడలింగ్. అంటే యాంప్ లోపలి సర్క్యూట్‌ను చదివి, అది పనిచేసే తీరును లెక్కలుగా రాసుకోవడం. ప్రొఫైలింగ్ అట్ల కాదు, యాంప్ మూత కూడా తెరవదు. ఒక పరీక్ష శబ్దాన్ని లోపలికి పంపి, బయటికి ఏం వచ్చిందో వింటుంది. పంపినదానికీ వచ్చినదానికీ ఉన్న తేడాను నేర్చుకుంటుంది. 2011లో జర్మనీకి చెందిన క్రిస్టఫ్ కెంపర్ తన పేరుతోనే తెచ్చిన మిషన్ ఈ పద్ధతికి పేరు తెచ్చింది. మన దగ్గర దాని ధర మాత్రం లక్ష పైమాటే. 2022లో ఇటలీ కంపెనీ ఐకే మల్టీమీడియా టోనెక్స్‌తో ఈ పనిని మామూలు కంప్యూటర్‌లోకి తెచ్చింది.

మనలాంటోళ్లకు అసలు తలుపు తెరిచింది మాత్రం స్టీవెన్ అట్కిన్సన్ అనే ప్రోగ్రామర్ రాసిన న్యూరల్ యాంప్ మోడలర్. పొట్టిగా 'నామ్' అంటారు. పేరు విని భయపడకండి, మనకు నామం పెట్టే రకం కాదు. పూర్తిగా ఉచితం, కోడ్ కూడా అందరికీ బహిరంగమే. సుమారు 3 నిమిషాల పరీక్ష ఆడియోను యాంప్ గుండా పంపి రికార్డ్ చేస్తే, న్యూరల్ నెట్‌వర్క్ దాన్ని నేర్చుకుని ఒక చిన్న ఫైల్ ఇస్తుంది. మీ ఫోన్‌లో తీసిన ఫోటో కంటే అది చిన్నది! ప్రపంచంలో ఎవరెవరో తమ యాంప్‌లను ఇట్ల తీసి ఉచితంగా పంచుతున్నారు.

ఒక్కటి గుర్తుంచుకోవాలి. మోడలింగ్ అంటే మామిడికాయ తొక్కు పెట్టే పద్ధతి రాసుకోవడం. క్యాప్చర్ అంటే పెట్టేసిన తొక్కు జాడీ. యాంప్ నాబ్‌లు ఆ రోజు ఎక్కడున్నాయో అక్కడి సౌండే మామూలుగా ఫైల్‌లో ఉంటుంది. జాడీలో పడిన ఉప్పును తర్వాత తీయలేం కదా! అందుకే గెయిన్ ఎక్కువున్న ఫైల్‌ను తెచ్చుకుని తగ్గించాలని కుస్తీ పట్టకండి. తక్కువ గెయిన్‌తో తీసినదాన్నే వెతుక్కోండి.

ఇంట్లో మొదలుపెడితే

కావాల్సింది గిటార్, ల్యాప్‌టాప్, హెడ్‌ఫోన్స్, ఒక ఆడియో ఇంటర్‌ఫేస్. గిటార్ వైరును యూఎస్‌బీకి కలిపే చిన్న డబ్బా అది. ఐదారు వేల దగ్గర మొదలవుతాయి. దాని మీద 'ఇన్‌స్ట్రుమెంట్' బటన్ ఉంటే నొక్కాలి, లేకపోతే గిటార్ డల్లుగా వినిపిస్తుంది. గట్టిగా వాయించినప్పుడు మీటర్ మైనస్ 12 దగ్గర ఆడితే చాలు. రికార్డింగ్‌కు రీపర్ లాంటి సాఫ్ట్‌వేర్ సరిపోతుంది, 60 రోజులు ఉచితంగా వాడి చూడొచ్చు.

ఇక అందరూ తట్టుకుని పడేది స్పీకర్ దగ్గర. కొన్ని ఫైళ్లలో యాంప్ ఒక్కటే ఉంటుంది, స్పీకర్ డబ్బా ఉండదు. అట్లనే వింటే చెవిలో కందిరీగలు తిరిగినట్టుంటుంది. దాని తర్వాత ఐఆర్ అనే స్పీకర్ ఫైల్‌ను లోడ్ చేయాలి. సౌండ్ నచ్చకపోతే యాంప్ మార్చే ముందు ఐఆర్ మార్చి చూడండి. చాలాసార్లు రోగం అక్కడే ఉంటుంది.

వాయించినదానికీ వినిపించేదానికీ మధ్య ఆలస్యం వస్తే బఫర్ చూడండి. 48 కిలోహెర్ట్జ్ దగ్గర బఫర్ 128 ఉంటే ఆలస్యం 2.7 మిల్లీసెకన్లు, 512 ఉంటే 10.7. పోవడానికీ రావడానికీ కలిపితే రెట్టింపు దాటుతుంది, అప్పుడు చేతికి తేడా తెలిసిపోతుంది. పాత ల్యాప్‌టాప్ చిటపటలాడితే అదే నామ్‌లో లైట్, ఫెదర్, నానో అనే తేలికపాటి రకాలున్నాయి, అవి వాడండి. గుయ్‌మనే హమ్ వస్తే ఇంట్లో ఎర్తింగ్ చూపించండి. ఛార్జర్ పీకి, బ్యాటరీ మీద కూడా ఒకసారి రికార్డ్ చేసి చూడండి. గెయిన్ పెంచితే గిటార్‌తో పాటు ఆ హమ్ కూడా పెరుగుతుంది మరి.

మూడు చాలు

ఉచితం అనగానే మనోళ్లు మూడొందల ఫైళ్లు దించుతారు. రాత్రంతా ఒక్కోటి మార్చి మార్చి వింటారు. పొద్దున చూస్తే పాటలో ఒక్క లైను కూడా ముందుకు పోదు. నా దగ్గర మూడే ఉన్నాయి: ఒకటి క్లీన్, ఒకటి కాస్త గరగర, ఒకటి ఫుల్ గెయిన్. ఎంచుకోవడం ఎంత తొందరగా అయితే వాయించడానికి అంత టైమ్ మిగులుతుంది. ఎట్లాగూ ఎఫెక్ట్ లేని ఒట్టి గిటార్ ట్రాక్ ప్రాజెక్ట్‌లోనే ఉంటుంది. దాన్ని చెరపకండి. ఆరు నెలల తర్వాతైనా మళ్లీ వాయించకుండానే యాంప్ మార్చుకోవచ్చు.

మన దగ్గర తయారయ్యే జానపదాల్లో గిటార్‌కు డప్పు, గొంతు పక్కన చోటు దొరకాలి. ఒంటరిగా విన్నప్పుడు బలంగా అనిపించే గెయిన్ పాటలో బురదవుతుంది. తగ్గించండి. 100 హెర్ట్జ్ కింద ఉన్నది కోసేయండి, అది డప్పుకు వదిలేయాల్సిన జాగా. పాట నిండుగా రావాలంటే ఒకే ట్రాక్‌ను కాపీ కొట్టకుండా, రెండుసార్లు వాయించి ఎడమకొకటి, కుడికొకటి పెట్టండి. చివరగా ఫోన్ స్పీకర్‌లో వినండి. మీ పాట వినేవాళ్లలో చాలామంది వినేది దాంట్లోనే.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి. ప్రొఫైలింగ్‌కు మార్షలే కావాలని రూలేం లేదు. పెళ్లిళ్లలో, జాతరల్లో మోగే ఆహుజా మైక్ సెట్‌ను కూడా తీయొచ్చు. పరీక్ష ఆడియోను దాని ఆక్స్ ఇన్‌పుట్‌కు పంపి, హారన్ ముందు దగ్గరగా మైక్ పెట్టి రికార్డ్ చేయాలి. స్పీకర్ వైరును మాత్రం నేరుగా ఇంటర్‌ఫేస్‌లోకి గుచ్చొద్దు, డబ్బా కాలిపోతుంది. గదిలో మోగే ఎకోను ఇది సరిగ్గా నేర్చుకోలేదు, అందుకే మైక్ దగ్గరగా ఉండాలి. ట్రైనింగ్‌కు ఖరీదైన కంప్యూటర్ కూడా అక్కర్లేదు, బ్రౌజర్‌లో గూగుల్ కోల్యాబ్ ఉచిత వెర్షన్ చాలు.

లండన్ యాంప్ గొంతు మనకు ఉచితంగా అందింది. మన మైక్ సెట్ గొంతు ఇంకా చాలామంది వినలేదు. ఈ ఆదివారం పొద్దున, చుట్టుపక్కల నైట్ షిఫ్ట్ వాళ్లు లేరని చూసుకుని, మీ ఊరి మైక్ సెట్ అన్నను 3 నిమిషాలు అడిగి చూడండి.