మంచం పక్కన మనిషి

పక్షవాతంతో ఆస్పత్రిలో చేరిన మనిషిని పది పదిహేను రోజులకు డిశ్చార్జి చేస్తారు. ఇంటివాళ్ల చేతిలో పెట్టే ఫైలులో స్కాన్ రిపోర్టులుంటాయి, మందుల చీటీ ఉంటుంది, మళ్లీ ఎప్పుడు రావాలో తేదీ ఉంటుంది. రెండు గంటలకోసారి పక్క మార్చాలని, ముక్కు గొట్టంలో పాలు పోసేటప్పుడు తలవైపు ఎత్తుగా ఉంచాలని, పోశాక అరగంట దాకా వెల్లకిలా పడుకోబెట్టకూడదని నర్సు వార్డు గుమ్మం దగ్గర నిలబడి రెండు నిమిషాల్లో చెప్పేస్తుంది. వింటున్న ఆడమనిషి అప్పటికి పదిహేను రాత్రులుగా వరండాలో చాప మీద పడుకుంటోంది. చెప్పినదాంట్లో సగం ఆమెకు ఎక్కదు. అంబులెన్సు ఇంటి ముందు ఆగుతుంది, నలుగురూ పట్టి మంచం మీదికి చేరుస్తారు, ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోతారు. ఆ పూట నుంచి ఆమే నర్సు, ఆమే ఆయా, ఆమే ఫిజియోథెరపిస్టు.

ఈ మనిషికి తెలుగులో పేరు లేదు. 'సంరక్షకుడు' అంటే మనకు స్కూలు దరఖాస్తులో తండ్రి బదులు సంతకం పెట్టేవాడే గుర్తొస్తాడు. మాటల్లో మాత్రం 'చూసుకుంటోంది' అంటాం. కోడలు బాగా చూసుకుంటోంది, కూతురు దగ్గరుండి చూసుకుంటోంది. క్రియ ఉంది, ఆ పని చేసే మనిషికి పేరు లేదు. మన చట్టాలూ పథకాలూ కూడా అలాగే ఉన్నాయి. చూడనివాళ్లను పట్టుకునే ఏర్పాటు చేసుకున్నాం. చూస్తున్నవాళ్లకు ఏం కావాలో అడిగే ఏర్పాటు చేసుకోలేదు.

2007లో వచ్చిన తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం కింద పిల్లలు చూడకపోతే ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. నెలకు 10,000 రూపాయల వరకు మనోవర్తి ఇప్పించవచ్చు. పెద్దవాళ్లను ఎక్కడైనా వదిలేసి పోతే మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అస్సాం 2017లో ఇంకో అడుగు వేసి, తల్లిదండ్రులను పట్టించుకోని ప్రభుత్వోద్యోగుల జీతంలో కోత పెట్టే చట్టం చేసింది. ఇవి అక్కర్లేదని ఎవరూ అనరు. పొలం రాయించుకుని తల్లిని బస్టాండులో దింపి వెళ్లిన కొడుకు సంగతి విన్నవాళ్లకు ఈ చట్టం విలువ తెలుసు. కానీ ప్రతి ఊళ్లోనూ, అలా వదిలేసినవాళ్ల కంటే నోరెత్తకుండా ఏళ్ల తరబడి చేస్తున్నవాళ్లే ఎక్కువ. ఆ చట్టం మొత్తంలో వాళ్ల గురించి ఒక్క మాట లేదు.

ఎంతమంది చేస్తున్నారు, ఎంత సేపు చేస్తున్నారు అన్నదానికి ఒక పాటి లెక్క ఉంది. 2024 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం 15-59 ఏళ్ల మహిళల్లో 41 శాతం మంది ఇంట్లోవాళ్ల సంరక్షణ పని చేస్తున్నారు. అలా చేసేవాళ్లు దానికి రోజుకు సగటున 140 నిమిషాలు వెచ్చిస్తున్నారు. అదే వయసు మగవాళ్లలో చేసేవాళ్లు 21.4 శాతం, వెచ్చించేది 74 నిమిషాలు. పిల్లల పెంపకమూ ఇందులో కలిసే ఉంది. వంట, బట్టలు, గిన్నెలు వేరే పద్దు. ఈ లెక్కను తప్పు పట్టలేం గానీ, దీనికి అందనిది చాలా ఉంది. సర్వేవాళ్లు రోజును అరగంట ముక్కలుగా చేసి, ఏ ముక్కలో ఏం చేశారని అడుగుతారు. రాత్రి రెండింటికి పక్కగదిలో మూలుగు వినిపిస్తే లేవడం ఒక పని. వినిపిస్తుందేమోనని చెవి అటే పెట్టి పడుకోవడం ఏ ముక్కలోకి వస్తుంది? మూడేళ్లు అలా పడుకున్న మనిషి నిద్రపోయిందనాలా, మేలుకుని ఉందనాలా?

పనినే తీసుకుందాం. మంచం పట్టిన మనిషికి పెద్ద శత్రువు ఒత్తిడి పుండు. నడుం కింద, మడమల దగ్గర, తుంటి మీద చర్మం మొదట ఎర్రబడుతుంది. ఆ రోజే గమనిస్తే ఆగుతుంది. గమనించకపోతే కొద్ది రోజుల్లోనే ఎముక కనిపించేంత లోతుకు పోవచ్చు. గాలి పరుపు కొన్నా పక్క మార్చక తప్పదు. అరవై డెబ్బై కిలోల మనిషిని ఒక్కత్తే ఎలా తిప్పాలి? అడ్డంగా మడిచిన దుప్పటిని నడుం కింద వేసి, మోకాలు మడిచి, దుప్పటితో సహా తనవైపు లాక్కోవాలి. చూపిస్తే పది నిమిషాల్లో వచ్చే విద్య. చూపించేవాళ్లు లేక, చంకల్లో చేతులు వేసి ఎత్తబోయి నడుం పోగొట్టుకున్న కోడళ్లు ఎందరో. మింగడం తగ్గిన మనిషికి నీళ్లు పట్టించడమూ అంతే. ప్రేమ కొద్దీ పడుకోబెట్టి చెంచాతో పోస్తారు. అది ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా అవుతుంది, మళ్లీ ఆస్పత్రి, మళ్లీ అప్పు. ఆరోగ్యశ్రీ ఆస్పత్రి మంచం వరకు ఆదుకుంటుంది. ఇంట్లో మంచానికి కావలసిన డైపర్లు, గొట్టాలు, యూరిన్ బ్యాగులు, పౌడర్ పాలు నెలనెలా ఇంటి ఖర్చే. ఏజెన్సీ నుంచి అటెండెంటును పెట్టుకోగలిగేది హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో డబ్బున్న ఇళ్లవాళ్లు. ఆ వచ్చే అమ్మాయికి కూడా చాలాసార్లు శిక్షణ ఉండదు. ఎక్కడో పల్లెలో తన ఇంట్లోనూ ఒక ముసలి ప్రాణాన్ని ఎవరికో అప్పగించి వచ్చి ఉండవచ్చు.

మనసు సంగతి ఇంతకంటే కష్టం, ఎందుకంటే దాన్ని బయటికి చెప్పుకునే వీలు లేదు. అమెరికాలో స్టీవెన్ జారిట్ అనే మనస్తత్వవేత్త 1980లో చూసుకునేవాళ్ల భారాన్ని కొలిచే ప్రశ్నల పట్టిక ఒకటి తయారుచేశారు. ఇప్పుడు 22 ప్రశ్నల రూపంలో ప్రపంచమంతా వాడుతున్నారు. ఆ మనిషి దగ్గరున్నప్పుడు కోపం వస్తుందా, మీకంటూ సమయం మిగలడం లేదనిపిస్తుందా, ఇంకా బాగా చేయాల్సిందని అనిపిస్తుందా, ఇలా ఉంటాయవి. తెలుగింట్లో ఒక కోడలిని ఈ ప్రశ్నలు అడిగి చూడండి. ముందు గుమ్మం వైపు చూస్తుంది, ఎవరైనా వింటున్నారేమోనని.

కోపం వస్తుంది. ఇప్పుడే మార్చిన దుప్పటి మళ్లీ తడిసినప్పుడు వస్తుంది. నోట్లో పెట్టిన ముద్ద ఉమ్మేసినప్పుడు వస్తుంది. ఒక్కోసారి చెయ్యి విసురుగా పడుతుంది, ఆ రాత్రంతా ఆ చెయ్యి చూసుకుని ఏడుపు. 'దేవుడు తీసుకుపోతే బాగుండు' అనే తలపు వస్తుంది, వెంటనే చెంపలు వేసుకోవడమూ జరుగుతుంది. ఇది చెడ్డ మనుషులకు వచ్చే తలపు కాదు. నిద్రలేని మనుషులకు వచ్చే తలపు. ఈ మాట వాళ్లకు డాక్టరో, ఊరి ఏఎన్‌ఎమ్మో, ఎవరో ఒకరు చెప్పాలి. ఇప్పుడు చెప్పేవాళ్లు లేరు. పరామర్శకు వచ్చే చుట్టాలు మాత్రం పళ్లు బల్ల మీద పెట్టి, 'ఇంతలా చిక్కిపోయాడేంటి, సరిగ్గా తినిపిస్తున్నారా?' అని అడిగి వెళతారు. అమెరికా నుంచి వీడియో కాల్‌లో కనిపించే కొడుకును చూసి తండ్రి మొహం వెలుగుతుంది. రోజూ ఒళ్లు తుడిచే కూతురి మీద కసురుకుంటాడు. ఆ కొడుకు డబ్బు పంపుతున్నాడు, బాధపడుతున్నాడు, రాలేకపోతున్నాడు. అతని బాధ అబద్ధం కాదు. అయినా దగ్గరున్న మనిషి నలుగుబాటును దూరం నుంచి వచ్చే డబ్బు తీర్చలేదు.

మతిమరుపు జబ్బు ఉన్న ఇళ్లది మరో రకం దుఃఖం. మన దేశంలో 60 ఏళ్లు దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. ఎదురుగా కూర్చుని ఉన్న భార్య 'నువ్వెవరు బాబూ' అని అడిగితే ఆ భర్త ఎవరికి చెప్పుకోవాలి? పోలీన్ బాస్ అనే అమెరికా పరిశోధకురాలు ఇలాంటిదాన్ని తేలని నష్టం అన్నారు. మనిషి పోలేదు కాబట్టి పదకొండో రోజు లేదు, పలకరింపులు లేవు, ఏడవడానికి ఒక రోజంటూ లేదు. ఇక్కడ భర్త అని ఊరికే అనలేదు. భార్యను ఒంటరిగా చూసుకుంటున్న ముసలి మగవాళ్లు ఇప్పుడు మన పట్టణాల్లో కనిపిస్తున్నారు. జడ వేయడం, చీర కట్టడం డెబ్బై ఐదో ఏట నేర్చుకుంటున్నారు.

ఈ జబ్బు చట్టం దగ్గరా చిక్కులు తెస్తుంది. బుద్ధి బాగున్నప్పుడు తండ్రి కూతురి పేర పవర్ ఆఫ్ అటార్నీ రాసిస్తాడు, ఇంక ఫర్వాలేదనుకుంటారు. కానీ 1872 నాటి కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం రాసిచ్చిన మనిషికి మతి స్థిమితం పోతే ఆ అధికారమూ పోతుంది. ఏ రోజు కోసం రాయించుకున్నారో ఆ రోజు వచ్చేసరికి అది చిత్తుకాగితం. మంచాన ఉన్న ఖాతాదారు వేలిముద్రను సాక్షుల ఎదుట తీసుకోవచ్చని, అందుకు బ్యాంకు మనిషే ఒక సాక్షిగా రావచ్చని నిబంధనలున్నాయి. అవి తెలిసిన కౌంటరు దొరకడం అదృష్టం మీద ఆధారపడి ఉంది.

పేరు అసలే లేదన్నాను గానీ, ఒక్క చట్టంలో ఉంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం, డబ్బు తీసుకునైనా తీసుకోకుండానైనా దివ్యాంగులను చూసుకునే తల్లిదండ్రులు, కుటుంబసభ్యులను కూడా కలిపి 'కేర్‌గివర్' అనే మాటకు నిర్వచనం ఇచ్చింది. ఎక్కువ సాయం అవసరమైనవాళ్ల కోసం సంరక్షకుల భత్యం గురించీ ప్రభుత్వాలకు చెప్పింది. మన రెండు రాష్ట్రాల్లో దీన్ని పట్టుకుని ముందుకు వెళ్లే అవకాశం ఉంది. ఆంధ్రప్రదేశ్ 2024 జులై నుంచి పక్షవాతం, తీవ్రమైన కండరాల క్షీణత వంటివాటితో పూర్తిగా మంచానికి పరిమితమైనవాళ్లకు నెలకు 15,000 రూపాయల పింఛను ఇస్తోంది. ఇది నిజంగా పెద్ద సాయం, ఆ ఇళ్లలో ఊపిరి తీసుకునే వీలు కల్పించింది. కాకపోతే అది రోగి పేరిట వచ్చే డబ్బు. కూలి మానుకున్న మనిషికి అందులో హక్కుగా వచ్చేది ఏమీ లేదు.

కేరళ 2010లో ఆశ్వాసకిరణం అనే పథకం పెట్టింది. మంచాన ఉన్నవాళ్లను పూర్తి సమయం చూసుకునే మనిషికే నెలకు 600 రూపాయలు. మొత్తం చిన్నదే, కానీ డబ్బు ఎవరికి అన్న ప్రశ్నకు అక్కడ జవాబు మారింది. దానికంటే పెద్ద సంగతి, 1993లో కోజికోడ్ మెడికల్ కాలేజీలో మొదలైన ఉపశమన వైద్యం ఊళ్లకు పాకి, పంచాయతీ నర్సు ఇంటికి వచ్చే పద్ధతిగా స్థిరపడడం. తెలంగాణలోనూ ఇంటికి వచ్చే ఉపశమన వైద్య బృందాలున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో మొదలైన ఫ్యామిలీ డాక్టర్ విధానంలో మంచాన ఉన్నవాళ్ల ఇంటికి వెళ్లడం భాగం. వచ్చిన ఆ బృందం రోగి బీపీతో పాటు పక్కన నిలబడ్డ మనిషి బీపీ కూడా చూడాలని ఒక్క ఉత్తర్వు వేయడానికి కొత్త బడ్జెట్ అక్కర్లేదు. డిశ్చార్జికి ముందు ఒక పూట పక్క మార్చడం, గొట్టం శుభ్రం చేయడం చేతితో చేయించి చూపాలన్న నిబంధనకూ అక్కర్లేదు.

సెలవు సంగతి వేరు, దానికి ఖర్చుంది. కేంద్ర ప్రభుత్వోద్యోగినులకు పిల్లల కోసం సర్వీసు మొత్తంలో 730 రోజుల సెలవు ఉంది. తల్లిదండ్రుల కోసం విడిగా ఏమీ లేదు. ఉన్న సెలవులనే దానికీ వాడుకోవచ్చని 2025 జులైలో పార్లమెంటుకు చెప్పారు. ప్రైవేటు ఉద్యోగం, కూలిపని చేసేవాళ్లకు ఆ మాట కూడా లేదు.

'ఎలాగూ ఇంట్లోనే ఉంటుంది కదా' అన్న ఆలోచన మన ఒక్కరిదే కాదు. బ్రిటన్ 1976లో చూసుకునేవాళ్లకు భత్యం మొదలుపెట్టి, పెళ్లయిన ఆడవాళ్లకు మాత్రం ఇవ్వలేదు. వాళ్లు ఉండేది ఇంట్లోనే కదా, కొత్తగా పోగొట్టుకునేదేముంది అన్నారు. జాకీ డ్రేక్ అనే వివాహిత తల్లిని చూసుకోవడానికి ఉద్యోగం మానేసి ఈ నిబంధన మీద యూరోపియన్ కోర్టు దాకా వెళ్లింది. 1986 జూన్‌లో గెలిచింది. ఇంట్లో ఉన్న మనిషి సమయానికీ విలువ ఉందని ఒప్పించడానికి పదేళ్లు పట్టింది.

జర్మనీ 1995లో సంరక్షణ బీమా తెచ్చినప్పుడు ఇంకా ముందుకు ఆలోచించింది. ఇంట్లో మనిషిని చూసుకుంటున్నంత కాలం ఆ చూసుకునేవాళ్ల పింఛను చందాను బీమా నిధే కడుతుంది. ఇక్కడ తండ్రి కోసం 40వ ఏట ఉద్యోగం మానేసిన కూతురు, ఆయన పోయిన పన్నెండో రోజు తర్వాత మంచం మడిచి పెట్టేసరికి 50 దాటి ఉంటుంది. మళ్లీ ఉద్యోగం ఇచ్చేవాళ్లుండరు. ఆ పదేళ్ల పనిలో ఒక్క రోజు కూడా ఏ ప్రావిడెంట్ ఫండ్ ఖాతాలోనూ ఉండదు.