మీటింగ్‌కు ముందే ఏఐ చిట్టా రెడీ.. మరి కంకిపాడు అరువు లెక్క దానికి తెలుస్తుందా?

కస్టమర్ దగ్గరకు వెళ్లే ముందు సేల్స్ ఉద్యోగి చేసుకునే హోంవర్క్‌ను ఇప్పుడు ఏఐ ఏజెంట్లు చేసి పెడుతున్నాయి. పాత ఆర్డర్లు, ఈమెయిళ్లు, రావాల్సిన బాకీలు, గత మీటింగ్‌లో ఇచ్చిన హామీలు.. అన్నీ వెతికి ఒక్క పేజీలో చూపిస్తున్నాయి. సేల్స్‌ఫోర్స్ 2024లో ఏజెంట్‌ఫోర్స్‌ను తెచ్చింది. మన తెలుగువాడు సత్య నాదెళ్ల సీఈవోగా ఉన్న మైక్రోసాఫ్ట్ 2025లో సేల్స్ ఏజెంట్‌ను ప్రకటించింది. మరి ఈ టెక్నాలజీ కార్పొరేట్ ఆఫీసు దాటి డెల్టా మార్కెట్‌కు వస్తే ఏమవుతుంది?

అసలు ఎలా పనిచేస్తుంది?

మామూలు చాట్‌బాట్ అడిగినదానికే జవాబిస్తుంది. ఏజెంట్ అలా కాదు. క్యాలెండర్‌లో మీటింగ్ పడగానే పని మొదలుపెట్టేలా దాన్ని సెట్ చేయొచ్చు. కంపెనీ రికార్డులు, మెయిళ్లు తానే చూసుకుని ఏం మాట్లాడాలో సూచిస్తుంది.

విజయవాడ నుంచి బందరు రోడ్డు మీదుగా కంకిపాడు వచ్చే పురుగుమందుల కంపెనీ రిప్రజెంటేటివ్‌నే తీసుకుందాం. ఒక్క రోజులో ఎన్నో షాపులు తిరగాలి. ఏ డీలర్ ఏం కొన్నాడు, ఎంత కట్టాలి అన్నీ గుర్తుండాలి. బండి దిగేలోపే ఆ వివరాలన్నీ ఫోన్‌లోకి వస్తే నిజంగా పెద్ద ఊరటే.

చిక్కంతా ఇక్కడే

డెల్టాలో చాలామంది రైతులు ఎరువులు, మందులు అరువు మీద తెచ్చుకుంటారు. పంట అమ్మాక కడతారు. ఆ లెక్క డీలర్ ఖాతా పుస్తకంలో ఉంటుంది. కంపెనీ కంప్యూటర్‌కు చేరదు.

2024 సెప్టెంబర్ మొదట్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. కృష్ణా డెల్టాలో పొలాలు మునిగాయి. అలాంటి సీజన్‌లో రైతు డీలర్‌కు కట్టలేడు, డీలర్ కంపెనీకి కట్టలేడు. రికార్డులో మాత్రం 'గడువు దాటిన బిల్లు' అనే కనిపిస్తుంది. ఎందుకు దాటిందో ఎవరూ రాయకపోతే ఏజెంట్‌కు తెలిసే దారే లేదు. 'ముందు బాకీ వసూలు చేయండి, కొత్త స్టాక్ ఆపండి' అని అది సూచించిందనుకోండి. రిప్రజెంటేటివ్ అదే మాట అంటే ఏళ్ల నమ్మకం ఒక్క పూటలో పోతుంది. సరుకు ఆగితే వరికి సుడిదోమ పట్టినప్పుడు రైతుకు అరువు మీద మందు దొరకదు.

తప్పు జరిగితే ఎవరిది బాధ్యత?

కెనడాలో ఎయిర్ కెనడా చాట్‌బాట్ టికెట్ రాయితీపై ఓ ప్రయాణికుడికి తప్పు సమాచారం ఇచ్చింది. చాట్‌బాట్ మాటలకు తమ బాధ్యత లేదన్న సంస్థ వాదనను 2024 ఫిబ్రవరిలో అక్కడి ట్రిబ్యునల్ తోసిపుచ్చింది. పరిహారం కట్టాలని ఆదేశించింది. కానీ సేల్స్ మీటింగ్‌లో డీలర్ ఎదురుగా కూర్చునేది మనిషి. చిట్టా తప్పైనా మాట పడేది, టార్గెట్ పోగొట్టుకునేది ఆ రిప్రజెంటేటివే.

మరి ఏం చేయాలి?

షాపు నుంచి బయటికి రాగానే డీలర్ చెప్పిన కారణాన్ని రెండు ముక్కల్లో తెలుగులోనే రికార్డు చేస్తే తర్వాతి చిట్టాలో అది కూడా వస్తుంది. ఏజెంట్ చెప్పిన ప్రతి అంకె పక్కన అది ఏ బిల్లు నుంచి వచ్చిందో కనిపించాలి. అరువు ఆపాలా, కొనసాగించాలా అన్న నిర్ణయం మాత్రం ఆ ఊరు తెలిసిన మనిషి చేతిలోనే ఉండాలి. ఈ ఏర్పాట్లు లేకుండా ఏజెంట్‌ను ఫీల్డ్‌లోకి దింపితే మిగిలిన టైమ్ అంతా పోయిన డీలర్లను వెనక్కి తెచ్చుకోవడానికే సరిపోతుంది.