అరవై ఆరింట ఐదు

ముందు లెక్క చెప్పుకుందాం. ప్రో కబడ్డీ లీగ్ ఎనిమిదో సీజన్లో తెలుగు టైటాన్స్ 22 మ్యాచ్‌లు ఆడి ఒక్కటి గెలిచింది. తొమ్మిదో సీజన్లో 22 ఆడి రెండు. పదో సీజన్లో 22 ఆడి మళ్లీ రెండే. 2021 డిసెంబర్ నుంచి 2024 ఫిబ్రవరి దాకా మొత్తం 66 మ్యాచ్‌లు, 5 గెలుపులు, 5 టైలు, 56 ఓటములు. మూడు సీజన్లూ పట్టికలో అట్టడుగునే.

ఈ లెక్కని మనమేం చేసుకున్నాం? మీమ్స్ చేసుకున్నాం. బ్రహ్మానందం మొహం మీద స్కోర్లు అతికించాం. నేనూ నాలుగైదు ఫార్వర్డ్ చేశాను, దాచుకోవడం ఎందుకు. మార్కాపురం దగ్గర పల్లెలో ఉండే మా బాబాయికి కూడా ఒకటి పంపాను. ఆయన వయసులో ఉన్నప్పుడు తిరునాళ్ల పోటీల్లో పట్టుకి పేరున్న మనిషి. ఒకపక్క ఎడ్లు బండ లాగుతుంటే ఇంకోపక్క సున్నం గీతల మధ్య ఈయన కాళ్లు లాగేవాడు. టైటాన్స్ మ్యాచ్ ఒక్కటీ వదలకుండా చూస్తాడు. మీమ్ చూసి నవ్వలేదు, ఫోన్ చేశాడు.

“నవ్వేదానికేముందిరా ఇందులో? కూతకి పోయినోడ్ని అందరూ సూస్తారు. ఆడి ఎనకాల ఆరుగురు ఏం జేస్తన్నారో సూడు.”

ఆ మాట పట్టుకునే ఇదంతా రాస్తున్నా. ఆ మూడు సీజన్లూ ఓడింది ఆటగాళ్లు కాదని నా వాదన. కూతకి పోయేవాడొక్కడు దొరికితే చాలు, మిగతాదంతా వాడే చూసుకుంటాడనే మన నమ్మకం ఓడింది. ఆ నమ్మకం టైటాన్స్ యాజమాన్యానికి ఒక్కరికే సొంతం కాదు, మనందరిదీ.

పదో సీజన్నే తీసుకోండి. వేలంలో పవన్ సెహ్రావత్‌ని 2 కోట్ల 60 లక్షల 50 వేలకి కొన్నారు. అప్పటికి లీగ్ చరిత్రలోనే అంత ధర ఎవరికీ పలకలేదు. ఆ డబ్బు దండగ అనడానికి లేదు. ఆ అక్టోబర్లోనే ఆయన కెప్టెన్‌గా భారత జట్టు హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. రెండు నెలలు తిరక్కుండానే అదే మనిషి, అవే కాళ్లు, టైటాన్స్ చొక్కా వేసుకుంటే 19 ఓటములు. మారింది ఏమిటి? వెనకాల ఆరుగురు.

కబడ్డీ తెలిసినవాళ్లకి ఇది వింతేమీ కాదు. కూత 30 సెకన్ల పని. ఎంత గొప్పవాడైనా ఎప్పుడో ఒకప్పుడు పట్టుబడతాడు. పట్టుబడ్డాక బయట కూర్చోవాల్సిందే. వాణ్ని మళ్లీ లోపలికి తేవాలంటే మిగతావాళ్లు పాయింటు సాధించాలి. రాజు లేచొచ్చేది బంట్లు గెలిస్తేనే. ఇంత ప్రజాస్వామ్యం ఉన్న ఆటని మనం హీరో ఆట చేసి కూర్చోబెట్టాం.

మన సినిమాలు చూడండి. ‘ఒక్కడు’ హీరో కబడ్డీ ఆటగాడే, పేరులోనే ఉంది మన రోగం. ‘సీటీమార్’లో కోచే హీరో. ఎప్పుడూ ఓడిపోయే పల్లెటూరి కుర్రాళ్ల కథ కావాల్సొస్తే తమిళం నుంచి తెచ్చుకున్నాం. 2010లో వచ్చిన ‘భీమిలి కబడ్డీ జట్టు’ రీమేకే. ఓడిపోయేవాళ్ల గురించి సొంతంగా ఒక కథ రాసుకునే ఓపిక మనకి లేదు. సాహిత్యం చదువుతాం, పరాజితుల పక్షం అంటాం, తెల్లారితే మీమ్ ఫార్వర్డ్ చేస్తాం.

ఇక్కడ ఇంకో వాదన తయారుగా ఉంటుంది: “పేరులో తెలుగు ఉంది, జట్టులో తెలుగు ఎక్కడుంది? అంతా హర్యానా వాళ్లే కదా!” వినడానికి బాగుంటుంది, చప్పట్లు కూడా పడతాయి. కానీ ఇది తప్పించుకునే వాదన. చీలమండ పట్టుకునే చేతికి మాతృభాష ఉండదు. హర్యానా కుర్రాళ్లు మన చోటు లాక్కోలేదు. అక్కడ ఊళ్లో బరి ఉంది, బరి పక్కన ఆట నేర్పే పెద్దమనిషి ఉన్నాడు, ఆడితే రైల్వేలోనో సైన్యంలోనో పోలీసుల్లోనో ఉద్యోగం వస్తుందన్న ఆశ ఉంది. వాళ్ల తల్లిదండ్రులు “ఆడుకో పో” అనగలరు. తర్లుపాడులోనో కొమరోలులోనో ఒక తల్లి ఆ మాట అనగలదా? సంక్రాంతికి ఊరి బరిలో అందర్నీ మట్టి కరిపించిన పద్దెనిమిదేళ్ల కుర్రాడు కనుమ మర్నాడు ఎక్కడికి పోతాడు? హైదరాబాదో బెంగళూరో బస్సెక్కుతాడు, పనికి. లీగ్ ఆట మ్యాట్ మీద. వాడికి తెలిసింది మట్టి. మ్యాట్ మీద బూటుతో మలుపు తిరగడం వేరే విద్య, అది నేర్పే చోటు వాడికి నడక దూరంలో ఉండాలి. లేదు. అలాంటప్పుడు జట్టులో తెలుగు ఎక్కడుందని అడిగే హక్కు మనకెక్కడిది?

పశ్చిమ ప్రకాశంలో పుట్టినవాళ్లకి ఈ కథ వేరే పేరుతో బాగా తెలుసు. దాని పేరు వెలిగొండ. 1996లో శంకుస్థాపన జరిగింది. నల్లమల కొండల కింద రెండు సొరంగాలు, ఒక్కోటి దాదాపు 18.8 కిలోమీటర్లు. చిన్న పని కాదు, ఆ కార్మికుల చెమటకి దండం పెట్టాల్సిందే. 2024 మార్చి 6న ప్రాజెక్టుని జాతికి అంకితం చేశారు. అప్పటికి ముంపు గ్రామాల పునరావాసమే పూర్తి కాలేదు. అంతకు సరిగ్గా ఐదు రోజుల ముందే ప్రో కబడ్డీ పదో సీజన్ ఫైనల్ జరిగింది, అడుగున ఉన్న టైటాన్స్ లేకుండా. ఈ రెండూ కలిసిరావడం కాకతాళీయమే. బుద్ధి మాత్రం ఒక్కటే. సొరంగం ముందు ఫొటో దిగొచ్చు, పిల్లకాల్వ ముందు ఎవరూ దిగరు. చేనుకి నీళ్లు పెట్టేది మాత్రం పిల్లకాల్వే. కోట్ల రైడర్ మన సొరంగం. మండలానికో మ్యాట్, మ్యాట్‌కో కోచ్, ఆడినవాడికో ఉద్యోగం, ఇవి మనం తవ్వని కాల్వలు.

“ఇప్పుడు టైటాన్స్ బాగానే ఆడుతోందిగా, పాత పుండు ఎందుకు గెలకడం?” అనొచ్చు మీరు. నిజమే. పదకొండో సీజన్లో 12 గెలిచి ఏడో స్థానానికి ఎగబాకింది. 2025లో పన్నెండో సీజన్ విశాఖలో మొదలైతే, విజయ్ మాలిక్ నాయకత్వంలో ఫైనల్‌కి ఒక్క మెట్టు దూరం దాకా వెళ్లింది. అప్పటికి ఆ రెండున్నర కోట్ల పవన్ తమిళ్ తలైవాస్‌కి వెళ్లిపోయాడు కూడా. నా మాటకి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? పెద్ద కూతగాడు పోయాడు, జట్టు నిలబడింది.

నన్ను ఎక్కువ భయపెట్టేది ఈ గెలుపే. ఓడినప్పుడు కనీసం ప్రశ్న ఉండేది, మన పిల్లలు ఎక్కడ అని. గెలిస్తే ఆ ప్రశ్న కూడా పోతుంది. వేలంలో తెలివిగా కొంటే జట్టు బాగుపడుతుంది. గిద్దలూరు గ్రౌండు బాగుపడదు. ‘తెలుగు’ అనే పేరు మీద టికెట్లు, జెర్సీలు అమ్ముకునేవాళ్లు ఏడాదికి ఒక్కసారి మార్కాపురంలో, గిద్దలూరులో సెలక్షన్లు పెట్టాలని అడగడం అత్యాశ కాదు. జూనియర్ కాలేజీ ఆవరణలో ఒక మ్యాట్ పరవమని ప్రభుత్వాన్ని అడగడం అంతకన్నా కాదు. కబడ్డీ కోర్టుకి కావాల్సింది 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. మూడున్నర సెంట్ల నేల కూడా కాదు.

మా బాబాయికి నేను మళ్లీ మీమ్ పంపలేదు. పన్నెండో సీజన్లో జట్టు గెలుస్తుంటే ఆయనే ఫోన్ చేశాడు. సంతోషంగానే ఉన్నాడు. ఊళ్లో ఈసారి పోటీలు పెడతారా అని అడిగాను.

“పెట్టొచ్చురా. ఆడేదానికి ఊళ్లో ఏడుగురు దొరకాలగదా” అన్నాడు.