దుంప తెంచింది నేనే

గదిలో ఎల్‌ఈడీ కింద మొక్కలు పెంచేవాళ్లం ఎప్పుడూ మాట్లాడుకునేది లైట్ గురించే. ఎన్ని వాట్లు, ఎంత ఎత్తులో, రోజుకి ఎన్ని గంటలు. దుంపలుండే సన్‌డ్యూల విషయంలో మాత్రం లైట్ ఎప్పుడు ఆపాలో తెలియడమే అసలు పని అని నా వాదన. ఒక దుంపని చంపాక వచ్చిన జ్ఞానం ఇది, అందుకే కాస్త గట్టిగా చెప్తున్నా.

సన్‌డ్యూ అంటే ఆకుల మీది జిగురు చుక్కలతో చిన్న పురుగుల్ని పట్టుకుని తినే మొక్క. శాస్త్రీయ నామం డ్రోసెరా. వీటిలో దుంపలున్న రకాలు ఎక్కువగా నైరుతి ఆస్ట్రేలియాలో, పెర్త్ చుట్టుపక్కల ఉంటాయి. అక్కడ వానలు పడేది చలికాలంలో, అంటే జూన్ నుంచి ఆగస్టు దాకా. ఎండాకాలం పొడి పొడిగా ఉంటుంది. అందుకే ఇవి చలికి మొలిచి, ఆ ఇసుక నేలలో దొరకని నైట్రోజన్‌ని పురుగుల నుంచి తెచ్చుకుని, పూసి, ఎండలు ముదిరేసరికి పైనంతా ఎండిపోతాయి. మట్టిలో దుంప మిగులుతుంది.

నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. మొలిచాక పాత దుంప ఖర్చయిపోతుంది. ఆ కొన్ని నెలల్లో ఆకులు సంపాదించిన దాంతోనే కొత్త దుంప ఊరుతుంది. ఏటా బ్యాలెన్స్ సున్నా చేసుకుని మళ్లీ కూడబెట్టుకోవడమన్నమాట. వెలుతురు చాలకపోయినా, గది వేడెక్కి మొక్క తొందరగా ఎండిపోయినా కొత్త దుంప చిన్నదవుతుంది. కాబట్టి లైట్ అక్కర్లేదని నేననట్లేదు.

నాకు ఫ్రెండ్ ఇచ్చింది పెల్టాటా అనే రకం, శనగ గింజంత దుంప. పీట్, ఇసుక కలిపి కుండీలో పెట్టాను. ఎరువు వేయలేదు. కింద ట్రేలో ఆర్వో నీళ్లు. నవంబర్‌లో మొలిచింది. టైమర్ 16 గంటలకి పెట్టాను, ఎంత వెలుతురు ఉంటే అంత పెరుగుతుందని నా లెక్క. ఫిబ్రవరిలో ఆకులు పసుపెక్కాయి. బగ్ కనిపిస్తే ఫిక్స్ చేసే చదువు కదా మనది, దీన్నీ ఫిక్స్ చేయబోయాను. లైట్ ఇంకా కిందికి దించాను, నీళ్లు పెంచాను. మార్చిలో తవ్వి చూస్తే దుంప వేళ్ల మధ్య చితికిపోయింది. చిన్నప్పుడు నాయనమ్మ "నీ దుంప తెగ" అని తిట్టేది. ఆ పని నేను అక్షరాలా చేసి చూపించాను.

గదిలో సీజన్ మన చేతిలోనే ఉంది కదా, ఏడాదంతా పెంచొచ్చు అనేవాళ్లున్నారు. చేతిలో ఉన్న మాట నిజమే. బయటైతే ఇక చాలని ఎండే చెప్తుంది. గదిలో ఆ మాట చెప్పాల్సింది మనమే, కానీ పచ్చగా ఉన్నదాన్ని ఎండబెట్టడానికి మనకి చేతులు రావు.

డార్మెన్సీకి తెలుగు మాట వెతికితే 'సుప్తావస్థ' అని దొరికింది. అమ్మకి చూపిస్తే, "పడుకుంది అని రాయరా, అందరికీ అర్థమవుతుంది" అంది.

ఈ ఏడు ఇంకో దుంప అడిగి తెచ్చుకున్నా. లైట్ 11 గంటలే. రాత్రుళ్లు చలిగాలి తగలాలని కిటికీ తెరిచి ఉంచా. పసుపెక్కగానే ట్రేలో నీళ్లు మెల్లగా తగ్గించి, తర్వాత పూర్తిగా ఆపేశా. ఇప్పుడది అలమర మీద ఎండిపోయిన ఇసుక కుండీ. జాలిపడి అమ్మ ఎప్పుడైనా నీళ్లు పోసేస్తుందేమోనని పైన స్టిక్కర్ అంటించా: పడుకుంది, లేపొద్దు.