తోలుగుడ్లు: తప్పు కోడిది కాదు

పెరటి కోడి తోలుగుడ్డు పెడితే అరిష్టమని కోసేస్తున్నాం. కోడిది కాదు తప్పు, మేతది. పెంకులో దాదాపు 95 శాతం కాల్షియం కార్బనేటే. ఒక్క పెంకుకే సుమారు 2 గ్రాముల కాల్షియం కావాలి. నూకలు, తవుడు ఒక్కటే మేపితే అది ఎక్కడినుంచి వస్తుంది? నత్తగుల్లల పొడి, వేయించి దంచిన గుడ్డుపెంకులు పెడదాం. ఎండల్లో నీడ, చల్లటి నీళ్లు చూద్దాం.

చాలా కోళ్లు ఒక్కసారిగా ఇలా పెడితే కొక్కెర తెగులేమోనని అనుమానించాలి. టీకా మందు ఎక్కువగా 100 డోసుల సీసాల్లో దొరుకుతుంది. కలిపాక గంటల్లోనే వాడేయాలి. పది కోళ్లున్న ఆడమనిషి ఎలా కొంటుంది? ఊరంతటికీ ఒకే రోజు పశుసంవర్ధక శాఖే ఉచితంగా వేయాలని డిమాండ్ చేస్తున్నాం. గేదెకున్న విలువ కోడికీ ఉండాలి.