గంటే కదా!

"విమానమెక్కితే గంటే కదా, ఒకసారి రాకూడదటే!" అంటుంది హైదరాబాద్ నుంచి అమ్మ. నిజమే. గన్నవరంలో ఎగిరి శంషాబాద్‌లో దిగడానికి పట్టేది గంటే. కానీ మంగళగిరిలో మా గడప దిగి, కృష్ణ దాటి, బెజవాడ దాటి గన్నవరం చేరాలంటేనే ముప్ఫై కిలోమీటర్ల పైమాట. అక్కడ గంటన్నర ముందే ఉండాలి. 2008లో విమానాలు బేగంపేట నుంచి శంషాబాద్‌కి మారాక, దిగిన చోటు నుంచి కూకట్‌పల్లిలో అమ్మ ఇంటికి మరో గంటన్నర. అన్నీ కలిపితే ఐదు గంటలు. బస్సుకైనా ఇంచుమించు అంతే!

ఈ లెక్క మగవాళ్లూ వేస్తారు. మా వారైతే బ్యాగు తగిలించుకుని వెళ్లిపోతారు. నేను కదలాలంటే ముందు ఇడ్లీపిండి రుబ్బిపెట్టాలి, పిల్లల యూనిఫారాలు ఇస్త్రీ చేయాలి, అత్తయ్యగారి మందులు పూటపూటకీ సర్దాలి. ఈ రెండు రోజులు ఏ టిక్కెట్టు మీదా ఉండవు.

పోయిన నెల అమ్మ స్నానాలగదిలో జారిపడింది. నేను వెళ్లేసరికి మూడో రోజు. విమానమేమీ ఆలస్యం కాలేదు. నేనే ఇల్లు కదల్లేకపోయాను. "వచ్చావు కదా, అంతే చాలు" అంది అమ్మ. నాకు మాత్రం చాల్లేదు.

ఈసారి పిండి రుబ్బకుండానే బయల్దేరతాను. రెండు రోజులు వంటిల్లు వాళ్లే చూసుకుంటారు, నేర్చుకుంటారు. మీరూ ఓసారి ప్రయత్నించి చూడండి.